ఆదివారం కూడా క్లాసేనా?

సమస్య

అక్కా,

మాది ప్రొద్దుటూరు. మా ఆయన బంగారు అంగడిలో గుమాస్తా. నేను ఇంట్లో రవికలు కుడతాను. మాకు ఒక్కతే పాప. ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతాంది. నాలుగున్నరకు బడి విడుస్తారు. ఐదింటికి అబాకస్, ఆరున్నరకు ట్యూషన్. శని, ఆదివారాలు డాన్సు. ఈ ఏడాది చేతిరాత క్లాసులో కూడా చేర్పించినాను. నా కుట్టుకూలి డబ్బులన్నీ ఈ ఫీజులకే సరిపోతున్నాయి.

ఈ మధ్య పాప అబాకస్‌కు పోనంటాంది. సరిగ్గా ఆ వేళకు కడుపునొప్పి అంటుంది. డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నారు. మా ఆయనేమో "అంతా నాటకం, నువ్వే ముద్దు చేసి చెడగొడుతున్నావు" అంటాడు.

నా పుట్టినిల్లు జమ్మలమడుగు పక్కన మోరగుడి. మా నాయన ఇప్పటికీ మగ్గం నేస్తాడు. సెలవులకు అక్కడికి పోతే పాపకు ఏ నొప్పీ ఉండదు. పొద్దుగూకులూ మగ్గం కాడే కూర్చుంటుంది. కండెలు చుడతానంటుంది, పోగులు లెక్కపెడుతుంది, అంచు మీద పువ్వు ఎట్లా వస్తాందో చూపించమని తాతను విసిగిస్తుంది. అది చూసి మా అత్తకు కోపం. "మగ్గం కాడ కూర్చునేదానికా ఇన్ని ఫీజులు కట్టేది? ఆడపిల్లకు ఊర్లు తిరిగే అలవాటు ఎందుకు?" అంటుంది.

మా అక్కను పులివెందులలో ఇచ్చినారు. వాళ్ల అబ్బాయి అబాకస్ పోటీలో కప్పు తెచ్చినాడు. ఆ ఫోటో వాట్సాప్‌లో మా ఇంటిల్లిపాదికీ పంపింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పోరు ఎక్కువైంది. "ఐదో తరగతిలో నవోదయ పరీక్ష ఉంటుంది. ఇప్పటి నుంచే తోయకపోతే వెనకబడిపోతుంది" అని అక్క రోజూ ఫోన్ చేస్తాంది.

హైదరాబాదులో ఉంటే జూ పార్కు, ప్లానెటేరియం అని తీసుకుపోవచ్చు. మా ఊర్లల్లో ఏముందక్కా? క్లాసులు మాన్పిస్తే టీవీ, ఫోనే కదా! బలవంతంగానైనా పంపాలా, మాన్పించాలా? ఏది చేసినా తప్పు చేసినట్లే అనిపిస్తాంది.

— ఓ అమ్మ, ప్రొద్దుటూరు

సలహా

చెల్లీ,

ముందు కడుపునొప్పి సంగతి. డాక్టరు ఏమీ లేదన్నంత మాత్రాన పాప అబద్ధం ఆడుతున్నట్లు కాదు. ఎనిమిదేళ్ల పిల్లకు "నాకు భయంగా ఉంది", "నావల్ల కావడం లేదు" అని విడమరిచి చెప్పడం రాదు. ఆ దిగులు కడుపులో నొప్పిగా పైకొస్తుంది. కాబట్టి ముందు ఆ క్లాసుకు వెళ్లి ఒక గంట కూర్చోండి. అక్కడ కొడుతున్నారా, అందరిముందూ నిలబెట్టి వెక్కిరిస్తున్నారా, ఎవరినైనా చూసి పాప ముడుచుకుపోతోందా గమనించండి. ఇంటికొచ్చాక మెల్లగా అడగండి. భయం ఒక మనిషిని చూసి అయితే ఆ రోజే మాన్పించండి. విషయం పెద్దదనిపిస్తే పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

అటువంటిదేమీ లేదని తేలితే ఇక మిగిలేది బరువు. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు పెట్టింది. అంటే రోజుకు సగటున నాలుగు గంటలు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు హోంవర్కు వారం మొత్తానికి రెండు గంటలు మించకూడదు. మీ పాప అబాకస్, ట్యూషన్ కలిపి ఆ రెండు గంటలను ఒక్క సాయంత్రంలోనే దాటేస్తోంది. చిన్న పిల్లల మీద చదువు బరువు తగ్గించమని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. వినడమే మనం మరిచిపోయాం.

నవోదయ గురించి మీ అక్క చెప్పింది అబద్ధం కాదు. ఆరో తరగతిలో చేరడానికి ఐదో తరగతిలో ఆ పరీక్ష రాస్తారు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో గణితానికి 25, భాషకు 25 పోగా, మిగతా 50 మార్కులూ బొమ్మలు చూసి వరుసను, తేడాను, పోలికను పట్టుకునే ప్రశ్నలకే. మగ్గం చూస్తే సీటు వస్తుందని నేను అనను. కానీ అంచులో పువ్వు ఎన్ని పోగులకు ఒకసారి తిరిగి వస్తుందో చూసే పిల్ల కన్ను సరిగ్గా ఆ పనే చేస్తోంది. నమూనా పేపర్లు ఐదో తరగతిలో చేయించుకోవచ్చు. మూడో తరగతిలో వాటికి తొందర లేదు.

ఇక ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? పాపనే అడగండి. "ఒక్కటే ఉంచుతాను, ఏది కావాలి?" అనండి. డాన్సు అంటే డాన్సు ఉంచండి. అబాకస్ చెడ్డదేమీ కాదు. పూసలతో లెక్క వేగంగా చేయడం నేర్పుతుంది. కానీ వేగం ఈ వయసులో అంత అవసరమైనదేమీ కాదు, అదీ కడుపునొప్పితో వచ్చే వేగం అసలే వద్దు. అది మాన్పించండి. చేతిరాత క్లాసు కూడా ఆపండి. మోరగుడి తాతకు వారానికో ఉత్తరం రాయించండి. తాత చదవాలంటే అక్షరం గుండ్రంగా ఉండాలని పాపకే తెలుస్తుంది. ట్యూషన్ నిజంగా అవసరమా అని క్లాసు టీచరును అడిగి తేల్చుకోండి.

"మా ఊర్లల్లో ఏముంది?" అన్నారు. ఆ మాటకే నాకు ఎక్కువ జవాబు చెప్పాలని ఉంది.

మీ నాయన మగ్గం నుంచే మొదలుపెడదాం. పడుగు నిలువు, పేక అడ్డం. నాడె ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఏ పోగు పైకి లేస్తే ఏ పోగు కిందికి పోతుందో చూడటమే ఆ పిల్లకు పెద్ద లెక్క. ఈసారి వెళ్లినప్పుడు ఒక గళ్ల నోటుపుస్తకం ఇవ్వండి. అంచు మీది పువ్వును గళ్లల్లో దింపమనండి. అయితే ఒక జాగ్రత్త. పొద్దస్తమానం కండెలు చుట్టిస్తే అది ఆట పోయి పని అవుతుంది. పాప సాయం మీద ఆధారపడవద్దని మీ నాయనకు చెప్పండి. చూడటం, అడగటం, సరదాకు ఒకటి రెండు కండెలు. అంతవరకే.

మీ ఆయన అంగడి ఇంకో బడి. హాల్‌మార్కు నగ మీద 916 అని ఎందుకుంటుంది? 24 భాగాల్లో 22 భాగాలు బంగారం కాబట్టి. 22ను 24తో భాగిస్తే వచ్చే అంకె అది. అదే 18 క్యారెట్లకు 750. త్రాసు మీద చుక్క తర్వాత మూడు అంకెలు ఎందుకో, ఆ చివరి అంకె మారితే ఎంత డబ్బు తేడా వస్తుందో ఆయన చెబితే పాప దశాంశాలను బడి కంటే ముందే చూస్తుంది. యజమాని ఒప్పుకుంటే బేరాలు పలచగా ఉండే మధ్యాహ్నం ఓ అరగంట చాలు. పాపది నాటకం అన్న తండ్రే అక్కడ గురువవుతాడు. ఆ అరగంట తర్వాత ఆయన మీతో పోట్లాడటం తగ్గిస్తాడని నా నమ్మకం.

మీ అత్తను కూడా కలుపుకోండి. అచ్చనగాయలు, వామనగుంటలు, పులిజూదం ఆమెకు రాకుండా ఉండవు. పైకి ఎగరేసిన రాయి కిందపడేలోపు నేల మీది రాళ్లు రెండేసి, మూడేసి ఏరుకోవాలంటే చెయ్యి, కన్ను, లెక్క మూడూ ఒకేసారి పనిచేయాలి. పులిజూదంలో మేకల వైపు ఆడేవాళ్లు నాలుగు ఎత్తులు ముందుకు ఆలోచించాలి. "జేజీ, నాకు నేర్పించు" అని పాప వెళ్లి ముందు కూర్చుంటే ఏ జేజి కాదంటుంది? ఆడపిల్లకు తిరుగుళ్లు ఎందుకన్న ఆమెనే తోడు తీసుకుని కలమళ్లకు పోండి.

కలమళ్ల మీకు దూరమేమీ కాదు, ఎర్రగుంట్ల మండలమే. ఆ ఊరి గుడి ఆవరణలో దొరికిన రేనాటి చోళుల శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించాడు. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాల్లో ఇదే మొదటిదని పండితులు చెబుతారు. ఈ నేల మీద రాయికెక్కిన భాషలోనే మీ పాప తాతకు ఉత్తరం రాయబోతోంది. ఊరి పెద్దలను అడిగి గుడి చూపించండి. రాతి మీద సుద్దముక్క పెట్టనివ్వకండి. ఇంటికొచ్చాక ఒక బండ ముక్క మీద మేకుతో తన పేరు గీయమనండి. గుండ్రటి తెలుగు అక్షరాన్ని రాతి మీద దించడం ఎంత కష్టమో పాపకే తెలుస్తుంది.

చలికాలంలో ఒక పొద్దున గండికోట. ఎండాకాలం వద్దు, మన ఎండ సంగతి మీకు తెలిసిందే. అందరూ పెన్న లోయ దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు లోపలికి తీసుకెళ్లండి. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ ఆ గోడల మధ్యే ఉన్నాయి. పాపకు ఒక్క ప్రశ్న ఇవ్వండి: "ఈ కోటలో ఇంతమంది ఉంటే నీళ్లు ఎక్కడివి, గింజలు ఎక్కడివి?" జవాబు తనే వెతుక్కుంటుంది. లోయ అంచున మాత్రం చెయ్యి వదలకండి. పెన్నలోనైనా మైలవరం జలాశయంలోనైనా పిల్లను నీళ్లలోకి దింపకండి. ఇసుక తవ్విన గుంతల లోతు పైకి కనిపించదు.

పులివెందుల మీ అక్క ఇంటికి వెళ్లినప్పుడు కప్పు తెచ్చిన అబ్బాయిని, మీ పాపను కలిపి రాళ్లు ఏరడానికి తీసుకెళ్లండి. నవ్వకండి, ఇది చిన్న సంగతి కాదు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథమే రాశాడు. భూగర్భ శాస్త్రంలో ఒక రాతి పొరను ఈనాటికీ పులివెందుల క్వార్ట్‌జైట్ అంటారు, జమ్మలమడుగు పేరుతోనూ రాతి వర్గం ఉంది. పులివెందుల దగ్గర నేల లోపలి నుంచి పొంగి పొరల మధ్య గడ్డకట్టిన నల్లరాయి వయసు దాదాపు 188 కోట్ల సంవత్సరాలని లెక్కగట్టారు. వేంపల్లె వైపు సున్నపురాళ్లలో ఉల్లిపాయ పొరల్లా వంపులు తిరిగిన గీతలు కనిపిస్తాయి. చెట్టూ చేమా, పశువూ పక్షీ ఏదీ పుట్టక ముందు సముద్రంలో బతికిన సూక్ష్మజీవులు వదిలిన ఆనవాళ్లు అవి. సున్నపురాయిని పొడిచేసి నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలు వస్తాయి. ఇద్దరు పిల్లలూ కలిసి ఏ రాయి పొంగుతుందో, ఏది పొంగదో పట్టిక రాసుకోనీ. పోటీ వాట్సాప్ దాకా పోకుండా అక్కడే తీరిపోతుంది.

ఇంక గ్రంథాలయం. మన రాష్ట్రంలో ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసమే వసూలు చేస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్లలోనూ శాఖా గ్రంథాలయాలున్నాయి. వేళలు కనుక్కుని పాపను సభ్యురాలిగా చేర్పించండి. ఏ పుస్తకం తేవాలో పాపే ఏరుకోవాలి. మీకు పనికిరానిదిగా కనిపించినా తేనివ్వండి.

ఇవన్నీ రాశాను కదా అని అన్నీ ఒకే నెలలో చేయించకండి. అప్పుడు ఇదీ ఇంకో క్లాసు అవుతుంది. నెలకు ఒక చోటు చాలు. మిగతా సాయంత్రాలు ఊరికే వదిలేయండి. మొదట్లో "ఏం తోచడం లేదు" అని మీ కొంగు పట్టుకుని తిరుగుతుంది. ఫోన్ ఇవ్వకుండా ఓర్చుకోండి. మీ కుట్టుమిషను పక్కన గుడ్డముక్కలు, సూది దారం ఉన్నాయిగా, తనే ఏదో ఒకటి మొదలుపెడుతుంది. చూసొచ్చిన ప్రతిసారీ "ఏం నేర్చుకున్నావు, చెప్పు" అని పరీక్ష పెట్టకండి. మగ్గం కాడ కూర్చున్న ఫోటో వాట్సాప్‌లో పెట్టకండి. ఆ పిల్లకు ఆ చోటు నచ్చింది అక్కడ తనకు మార్కులు వేసేవాళ్లు లేరు కాబట్టే.

అబాకస్ మాన్పించినందుకు మీరు తప్పు చేసినవాళ్లు కారు. ఇష్టమైన పని ఏదో పిల్ల తనంతట తాను చూపిస్తోంది. చాలామంది తల్లులకు ఆ జాడ దొరకదు.

చివరగా ఈ శీర్షిక చదివే మిగతావాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో మగ్గమో, కొలిమో, కుమ్మరి సారో, చీనీ తోటో ఉంటే, ఏ పిల్లో పిల్లవాడో వచ్చి నిలబడి చూస్తుంటే "పో, పోయి చదువుకో" అని తరమకండి. ఒక పీట వేసి కూర్చోబెట్టండి. వాళ్లు అప్పటికే చదువుకుంటున్నారు.