షెడ్డుకు వెళ్లే పిల్లాడు చదువు రానివాడు కాదు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో పాడేరు ఏజెన్సీలోని చింతపల్లి వైపు తల్లిదండ్రుల నోట నాకు ఎక్కువగా వినిపించే మాట: "మార్కులు రాకపోతే మెకానిక్ షెడ్డులో పెట్టేద్దామండీ." ఈ మాటలో రెండు తప్పులున్నాయి. మార్కులు తక్కువ వచ్చిన పిల్లాడికి షెడ్డును శిక్షగా చూపించడం ఒకటి. మార్కులు బాగా వచ్చి, బండ్ల మీద మనసున్న పిల్లాడిని ఆ ఛాయలకు రానివ్వకపోవడం రెండోది. ఎక్కువ నష్టం చేస్తున్నది రెండోదే. ఆటో ఎలక్ట్రీషియన్ పని విషయంలో మరీను. అది కండబలంతో నెట్టుకొచ్చే పని కాదు, లెక్క కట్టి చేసే పని.

డిసెంబరు, జనవరిల్లో మన ఘాట్ రోడ్డు మీద ఏం జరుగుతుందో చూడండి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత కొన్ని ఏళ్లలో సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. దగ్గర్లోని చెరువులవేనం మబ్బులు చూడ్డానికి విశాఖ నుంచి, రాజమండ్రి నుంచి, హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి. మైదానంలో ఏళ్ల తరబడి హీటర్ నాబ్ ముట్టుకోనివాళ్లు ఇక్కడికొచ్చాక తిప్పుతారు. చల్లగాలి వస్తుంది. అద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంది, బయట మంచు, ముందు మలుపు కనపడదు. మన ఊళ్ల మధ్య తిరిగే పాత సుమోలు, బొలెరోలు, కమాండర్ జీపులు, టాటా ఏస్‌లది ఇంకో బాధ. ఉదయం సెల్ఫ్ తిరగదు, ఒక లైటు వెలిగితే ఇంకోటి ఆరిపోతుంది, వైపర్ సగంలో ఆగుతుంది. ఘాట్‌లో లైటు పోవడమంటే ప్రాణం మీదికి రావడమే. ఇంజిన్ విప్పి బిగించే మేస్త్రీ ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. కరెంటు ఎక్కడ ఆగిపోయిందో పట్టుకునే మనిషి కోసం మాత్రం నర్సీపట్నం దిగాల్సిన పరిస్థితి చాలామందిది.

ఆ మనిషికి ఎంత తెలివి కావాలో తల్లిదండ్రులు తెలుసుకోవాలనే హీటర్ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పాత కారు హీటర్‌లో మంట ఉండదు, ఇంట్లో గీజర్‌లో ఉండే కాయిల్ కూడా ఉండదు. ఇంజిన్‌ను చల్లబరిచి వేడెక్కిన నీళ్లే, అంటే కూలెంటే, రెండు గొట్టాల ద్వారా డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి తిరిగొస్తుంది. దాని మీదుగా బ్లోయర్ గాలి తోస్తుంది. ఇక్కడ నీళ్ల దారి ఒకటి, గాలి దారి ఒకటి, కరెంటు దారి ఒకటి ఉన్నాయి. లోపం ఈ మూడింటిలో ఎక్కడుందో తేల్చడమే అసలు పని. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆ రెండు గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూస్తారు. రెండూ వేడిగా ఉండి లోపలికి చల్లగాలే వస్తుంటే నీళ్ల తప్పు కాదు. గాలిని మళ్లించే తలుపో, దాన్ని లాగే కేబులో పట్టేసింది. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే చిన్న రేడియేటర్ పూడిపోయింది, లేదా వాల్వు మూసుకుంది, లేదా లోపల గాలి చిక్కుకుంది. రెండూ గోరువెచ్చగానే ఉంటే కూలెంట్ తగ్గి ఉండాలి, లేదా థర్మోస్టాట్ పనిచేయడం లేదు.

ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను పెద్ద రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వే థర్మోస్టాట్. దాని గురించి ఒక మాట చెప్పక తప్పదు. బండి వేడెక్కుతోందని ఫిర్యాదు వస్తే కారణం వెతక్కుండా ఆ వాల్వునే పీకేసే అలవాటు మైదానపు షెడ్లలో చాలాకాలంగా ఉంది. కింద ఎండలో ఆ లోటు ఎవరికీ తెలియదు. కొండెక్కాక ఇంజిన్ సరిగా వేడెక్కదు, హీటర్ రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అలాంటి బండి చింతపల్లి వస్తే హీటర్ స్విచ్చులు మార్చుకుంటూ కూర్చునేవాడు ఓనరు డబ్బు వృథా చేస్తాడు. "దీంట్లో థర్మోస్టాట్ ఉందా?" అని ముందు అడిగేవాడు పనివాడు.

ఇక బ్లోయర్. నాలుగు స్పీడుల్లో చివరిదొక్కటే పనిచేస్తుంటే రెసిస్టర్ కాలిపోయిందని అనుమానించాలి. చాలా పాత కార్లలో తక్కువ స్పీడులకు కరెంటు రెసిస్టర్ గుండా వెళ్తుంది, పూర్తి స్పీడుకు నేరుగా మోటారుకు చేరుతుంది. ఏ స్పీడూ పనిచేయకపోతే ఫ్యూజు, రిలే, ఎర్త్, మోటారు వరుసగా చూడాలి. కొత్త రెసిస్టర్ వేసినా మళ్లీ కాలిందంటే అసలు దోషి మోటారు. బేరింగు బిగుసుకునో, ఆకులూ చెత్తా చేరో అది ఎక్కువ కరెంటు లాగుతోంది. కాలిన భాగాన్ని మార్చడం ఎవరైనా చేస్తారు. ఎందుకు కాలిందో చెప్పగలిగిన మనిషిని వెతుక్కుంటూ జనం వస్తారు.

ఇందులో పదో తరగతి భౌతికశాస్త్రం ఎంత ఉందో చూశారా? 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు బిగిస్తే 12 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్ల కరెంటు పోతుంది. సన్నని స్విచ్ వైరు మీద, రిలే లేకుండా వేస్తే ఆ వైరు కరుగుతుంది. ఫ్యూజు పోతోందని దాని చోట పెద్దది వేయడం, ఇంకా ఘోరంగా రాగి తీగ చుట్టడం, బండికి నిప్పు పెట్టడమే. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ తిరుగుతుంటే మీటరు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. అంతకన్నా తక్కువైతే ఆల్టర్నేటర్, మన షెడ్ల భాషలో డైనమో, సరిగా చార్జింగ్ ఇవ్వడం లేదు. లైటు వెలుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఆ లైటు ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే దాదాపు సున్నా రావాలి. రెండు వోల్టులు చూపిస్తే బల్బు మార్చి లాభం లేదు, ఎర్త్ బోల్టు తుప్పు పట్టింది. తేమ ఎక్కువగా ఉండే మన కొండల్లో ఇది తరచూ వచ్చే లోపం. చలికి మొరాయించే పాత డీజిల్ ఇంజిన్‌లో హీటర్ ప్లగ్గులుంటే వాటినీ మీటరుతోనే పరీక్షించాలి. ఇదంతా నేర్చుకోవడానికి కావలసింది ఓపిక, వరుస తప్పని ఆలోచన, మంచి మల్టీమీటరు. లెక్కల్లో తొంభై తెచ్చుకున్న పిల్లాడు ఈ పనిలో ఎందుకు వృథా అవుతాడో నాకెవరూ ఇంతవరకు నచ్చజెప్పలేకపోయారు.

నన్ను భయపెడుతున్నది వేరే ఉంది. రెండు మూడేళ్లుగా ఒక కొత్త మోజు మొదలైంది: "ఈవీ టెక్నీషియన్ కోర్సు, మూడు నెలలు, ఉద్యోగం గ్యారంటీ." కరపత్రం పట్టుకుని ఏజెంట్లు వస్తున్నారు. పాత కార్ల కాలం అయిపోయింది, ఇక అంతా ఎలక్ట్రిక్కే అని చెప్పి వేలకు వేలు కట్టించుకుంటున్నారు. తల్లి మెడలోది తాకట్టు పెట్టో, కాఫీ, మిరియాల పంట మీద షావుకారు దగ్గర ముందే అప్పు తెచ్చో కట్టేవాళ్లున్నారు. ఎలక్ట్రిక్ బండి మంచిదే, దాని చదువూ మంచిదే. కానీ ఆ బండిలోనూ హారను, వైపరు, లైట్లు, ఫ్యాన్లు నడిచేది 12 వోల్టుల వైరింగ్ మీదే. వేడి ఇంజిన్ నీళ్లు ఉండవు కాబట్టి హీటర్ మాత్రం కరెంటుతో పనిచేస్తుంది. ఫ్యూజు, రిలే, ఎర్త్ తెలియకుండా మూడు నెలల్లో వందల వోల్టుల బ్యాటరీ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్తామనేవాళ్లను నమ్మకండి. అది ప్రమాదం కూడా. పాత బండి మీద చేయి కుదిరినవాడికి కొత్త బండి అందుతుంది, ఆ వరుసే నాకు సమ్మతం. డబ్బు కట్టే ముందు ఆ సంస్థకు ఎన్‌సీవీఈటీ (జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి) గుర్తింపు ఉందో లేదో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఈ కరపత్రాల మోజు ఒక ఒత్తిడైతే, రెండోది పాతదే. ఏజెన్సీలో ఇన్నేళ్లూ చదువంటే టీచరు ఉద్యోగమే. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో 3 ఆ ఆశకు ఆధారం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ హక్కు తిరిగి కావాలన్న డిమాండ్ న్యాయమైనదని నేనూ నమ్ముతాను. అయితే ఆ ఒక్క ఆశ మీద పిల్లల ఇరవైల వయసంతా కోచింగ్ హాస్టళ్లలో కరిగిపోవడం న్యాయం కాదు. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ 2025లో గానీ జరగలేదు. ఆ ఏడేళ్లలో విశాఖలో, అవనిగడ్డలో గదుల అద్దెలు, మెస్ బిల్లులు, మెటీరియల్ ఖర్చులు కట్టిన ఇళ్లు ఎన్నో. చదవాలనుకున్నవాళ్లు చదవాలి. ఇంట్లోవాళ్ల పట్టుదల కోసం చదువుతున్న పిల్లల్ని మాత్రం ఇక వదిలిపెట్టండి. సలహా కోసం ఇంట్లోవాళ్లతో వచ్చే ఆ పిల్లలు నా ముందు కూర్చుని తలెత్తరు. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు నాన్నే చెబుతాడు. "మీవాణ్ని మాట్లాడనివ్వండి" అని గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

మరి దారేది? పదో తరగతి పాసై, 14 ఏళ్లు నిండితే ఐటీఐలో చేరొచ్చు. సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు.

మెకానిక్ ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ అనే ట్రేడు ఏడాది. మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు. నన్నడిగితే రెండేళ్లదే మేలంటాను. పైన చెప్పిన హీటర్‌లాగే బండిలో చాలా లోపాలు సగం నీళ్లవీ, సగం కరెంటువీ. ఇంజిన్ తెలియని ఎలక్ట్రీషియన్ సగం దారిలో ఆగిపోతాడు. పైగా రెండేళ్ల ఐటీఐ తర్వాత బ్రిడ్జి కోర్సు ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. ఆటోమొబైల్ డిప్లొమా, డ్రైవింగ్ లైసెన్సు చేతికొస్తే అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ నోటిఫికేషన్ల మీదా కన్నేసి ఉంచొచ్చు. ఏ ఐటీఐలో ఏ ట్రేడు ఉందో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. దగ్గర్లో లేకపోతే విశాఖ కంచరపాలెం దాకా వెళ్లడానికి వెనకాడొద్దు. ఆడపిల్లలకూ ఈ ట్రేడులో అడ్డేమీ లేదు. వైరింగ్ డయాగ్రమ్ చదవడంలో మగపిల్లలకున్న ప్రత్యేక అర్హత ఏదీ నాకు కనపడలేదు.

ఐటీఐ అవగానే అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నేర్చుకుంటూనే స్టైపెండు వస్తుంది. ఆర్టీసీ డిపోలు ఐటీఐ పిల్లల్ని మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంటాయి. నా మనసు మొగ్గేది అటే. ఆర్టీసీ బస్సు రోజూ రోడ్డెక్కాలి కాబట్టి లోపం వెతకడం, దాన్ని రాసిపెట్టడం, మళ్లీ పరీక్షించడం అక్కడ పద్ధతిగా నేర్పుతారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పని శుభ్రంగా ఉంటుంది గానీ అక్కడ పాత బండ్లు తక్కువ, భాగం మొత్తంగా మార్చేయడమే ఎక్కువ. తర్వాత ఏడాదో రెండేళ్లో గాజువాక ఆటోనగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో మంచి ఎలక్ట్రికల్ మేస్త్రీ దగ్గర ఉంటే చేయి కుదురుతుంది. మేస్త్రీని ఎంచుకునేటప్పుడు ఒకటే గమనించండి: మీటరు, టెస్ట్ ల్యాంపు చేతిలో పట్టుకునే మనిషా, లేక రెండు తీగలు రాపాడించి నిప్పురవ్వలు చూసే మనిషా? రెండో రకం దగ్గర పిల్లాణ్ని ఉంచొద్దు. కొత్త బండిలో ఆ ఒక్క రవ్వకే వేల రూపాయల కంట్రోల్ యూనిట్ పోతుంది.

ఏడో తరగతిలో బడి మాన్పించి షెడ్డులో పెట్టడానికి ఈ వ్యాసాన్ని సాకు చేసుకోకండి. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. బ్యాటరీ యాసిడ్, సీసం, జాకీ మీద నిలబెట్టిన బండి ఉండే చోటు పిల్లలు ఉండాల్సిన చోటు కాదు. అలా వెళ్లినవాడు పానా పట్టడం నేర్చుకుంటాడు గానీ డయాగ్రమ్ చదవలేడు, స్కానర్ చూపించే ఇంగ్లిష్ ముక్క అర్థం కాక పదేళ్లయినా హెల్పర్‌గానే ఉండిపోతాడు. పదో తరగతి తప్పనిసరి.

సొంత షాపు గురించి తొందర వద్దు. మొదట మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, క్రింపింగ్ ప్లయరు, సోల్డరింగ్ ఐరన్, రకరకాల ఫ్యూజులు, రిలేలతో సంతరోజు జీపులు ఆగే చోట పని మొదలుపెట్టొచ్చు. దానికి 50 వేల లోపు ముద్ర శిశు రుణం సరిపోతుంది, హామీ అక్కర్లేదు. షాపు పెట్టే స్థాయికి వస్తే పీఎంఈజీపీలో గ్రామీణ ప్రాంత గిరిజన యువతకు యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఉంది. పాడేరు ఐటీడీఏలో కనుక్కోండి. పీఎం విశ్వకర్మలో ఇప్పిస్తానని ఎవరైనా కమీషన్ అడిగితే ఇవ్వకండి. ఆ పథకంలోని 18 వృత్తుల్లో ఆటో ఎలక్ట్రీషియన్ లేదు.

ఐటీఐ దరఖాస్తులు పదో తరగతి ఫలితాల వెంటే మొదలవుతాయి, గడువు ఎక్కువ రోజులు ఉండదు. కులం, ఆదాయం, స్థానికత పత్రాలు ఇప్పుడే తీయించి పెట్టుకోండి. ఫారంలో ట్రేడు రాసే గడి దగ్గరికి వచ్చినప్పుడు పెన్ను పిల్లాడి చేతికివ్వండి.