ముందు రూలు చదవండి, గైడు తర్వాత

లా పూర్తిచేసిన పిల్లలు నిజామాబాద్ కోర్టు ముందు సీనియర్ కనిపిస్తే అడిగేది ఒక్కటే: "అన్నా, బార్ ఎగ్జామ్‌కు ఏ గైడు కొనాలె?" గైడు సంగతి తర్వాత చూడొచ్చు. ఆ పరీక్ష రాసే అర్హత మీకు ఉందా? ఏ కాగితంతో వచ్చింది? ఈ రెంటికీ ఎవర్నీ అడగకుండా జవాబు చెప్పగలిగితే మీరు సగం వకీలు అయినట్టే.

అమెరికాలో న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఎక్కడికక్కడ బార్ పరీక్ష ఉంటుంది. మన దగ్గర పద్ధతి వేరు. హైదరాబాద్‌లోని రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి సనద్ తీసుకోవాలి. ఆ తర్వాత బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దేశమంతటికీ కలిపి పెట్టే ఆలిండియా బార్ ఎగ్జామ్ (ఏఐబీఈ)ని రెండేళ్లలోగా పాసవ్వాలి. ఈ వరుస కూడా మారుతోంది. 2011లో మొదలైన ఈ పరీక్ష చెల్లుతుందని 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. లా చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లనూ రాయనివ్వాలన్న సూచనకు అదే తీర్పులో ఒప్పుకుంది. అందుకే మీ అన్న రాసిన ఏడాది రూలు పట్టుకుని కూర్చోకండి. మీరు రాసే ఏడాది నోటిఫికేషన్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీరే చదవండి.

వినికిడి మాటల వల్ల ఎక్కువగా దెబ్బతినేది చదువు మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టినవాళ్లే. బోధన్, ఎడపల్లి, రెంజల్ వైపు ఇంట్లో కష్టమొచ్చి బడి మానేసి, తర్వాత పట్టుదలగా డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నా. ఓపెన్‌లో డిగ్రీ చేయడం తప్పేమీ కాదు. కానీ టెన్త్, ఇంటర్ దాటకుండా నేరుగా ఓపెన్ డిగ్రీకి వెళ్లినవాళ్లకు 2008 నాటి న్యాయవిద్య నిబంధనల ప్రకారం లా సీటుకు అర్హత లేదు. దూరవిద్యలో ఎల్ఎల్‌బీ చేస్తే ఎన్‌రోల్‌మెంట్ రాదు. "ఏం కాదు, నేను చూసుకుంట" అనే మనిషి మాట నమ్మి మూడేళ్ల ఫీజు కట్టకండి. లాసెట్ ఫారం నింపే రోజే ఈ రూలు చూసుకోవాలి.

జీతం మీద ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయడం మామూలుగా కుదరదని కూడా గుర్తుంచుకోండి. ఉద్యోగం వదలాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. దాన్ని సనద్ చేతికొచ్చాక మొదలుపెట్టకండి.

డబ్బు సంగతీ తెలిసి ఉండాలి. అడ్వొకేట్స్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. చాలా రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద వేలల్లో వసూలు చేస్తూ వచ్చాయి. స్టాంపు డ్యూటీ మినహా ఎన్‌రోల్‌మెంట్ వేళ ఆ చట్టం చెప్పిన ఫీజుకు మించి తీసుకోకూడదని 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేదింటి పిల్లలకు ఈ తీర్పు పెద్ద అండ.

ఇక పరీక్ష. 100 ప్రశ్నలు, తప్పు రాస్తే మార్కులు కోయరు. తెలుగులోనూ రాయొచ్చు. 45 మార్కులొస్తే పాస్, ఎస్సీ ఎస్టీలకు 40 చాలు. సబ్జెక్టులు 19 ఉన్నా బెదరకండి. రాజ్యాంగం, సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ ప్రొసీజర్‌లకు పదేసి మార్కులు. శిక్షాస్మృతి, సాక్ష్యం, కుటుంబ చట్టాలు, కాంట్రాక్టుకు ఎనిమిదేసి. ఈ ఏడింటిలోనే 62 మార్కులున్నాయి. 2024 జూలై 1 నుంచి నేర చట్టాలు మారాయి కాబట్టి పాత పుస్తకం అరువు తెచ్చుకోకండి. హాల్లోకి బేర్ యాక్ట్ తీసుకెళ్లొచ్చు, అందులో నోట్సు, వ్యాఖ్యానం ఉండకూడదు. ఏ సెక్షన్ ఏ పేజీలో ఉందో చేతికి అలవాటయ్యేదాకా రోజూ తిప్పండి.

కార్మిక చట్టాలకు నాలుగు మార్కులే కదా అని వదిలేసేవాళ్లు ఒకసారి బోధన్ శక్కర్‌నగర్ వెళ్లి రావాలి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక కార్మికులు బకాయి జీతాల కోసం ఎన్ని మెట్లెక్కారో అక్కడివాళ్లు చెబుతారు. రైతుల సంగతీ అంతే. చెరకు తోలిన 14 రోజుల్లో రైతుకు డబ్బు ఇవ్వాలని, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. ఆ ముక్క చదివి వినిపించే మనిషి లేక ఎందరు రైతులు వడ్డీ అడగకుండానే ఊరుకుని ఉంటారు! రేపు మీ దగ్గరికొచ్చేది వాళ్లే. తన అర్హత రూలు తనే చదువుకోని వకీలు వాళ్ల కాగితం ఏం చదువుతాడు?

ఈ ఆదివారం టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, లా మెమోలు, ఆధార్ పక్కపక్కన పరచండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. పెళ్లయిన ఆడపిల్లల ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు చేరి ఉండొచ్చు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. తేడా కనిపిస్తే నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి, సోమవారమే ఆ బోర్డు ఆఫీసుకో మీసేవకో బయల్దేరండి.