కారు గుడి దగ్గరే వదిలి రా



ఆదివారం ఇద్దరు దోస్తులతో రామప్ప చెరువుకు వస్తున్నావని, రీలున్న కొత్త గాలం కొన్నావని మీ అమ్మ చెప్పింది. నీ మెసేజీ కూడా చూశాను. "కారు ఒడ్డు దాకా పోతదా మామా?" అన్నది ఒక్కటే ప్రశ్న. కట్ట దాకా పోతుంది. అయినా రామప్ప గుడి దగ్గరే వదిలి రా.

గుడి నుంచి చెరువు కిలోమీటరు దూరం. నీ కాళ్లకు పావుగంట. నువ్వు గంట పట్టించు. అడవి అంచు పట్టుకుని రా. ఇప్పుడు ఇప్పపూలు రాలే రోజులు. చెట్టు కింద వెన్నముద్దల్లా పడి ఉంటాయి, ఆ వాసన కొంచెం మత్తుగా, కొంచెం పులిసినట్టుగా ఉంటుంది. ఒకటి నోట్లో వేసుకుని చూడు. బాగా వెలుతురొచ్చాకే బయల్దేరండి సుమా, ఆ పూలంటే ఎలుగుకూ ఇష్టమే. నల్లమద్ది మాను కనిపిస్తే ఆగి చెయ్యి ఆనించు, మొసలి వీపులా పగుళ్లు పగుళ్లుగా ఉంటుంది.

ఇదంతా చేపలకెందుకు అంటావేమో. కారు దిగి నేరుగా నీళ్ల దగ్గర కూర్చున్నవాడికి బెండు కనబడదురా. కళ్లు ఇంకా రోడ్డు మీదే పరుగెత్తుతుంటాయి. చిన్న పరకలు బెండును టుకుటుకుమని ఆడిస్తాయి, వాటికి తొందరపడి గాలం లాగావంటే ఎర దండగ. పెద్దది పట్టినప్పుడు బెండు ఉన్నట్టుండి మాయమవుతుంది. ఆ తేడా తెలియాలంటే చూపు ముందే నెమ్మదించి ఉండాలి. ఇంకోటి, చేప ఒంటికి పక్కల తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీళ్లలో చిన్న అదురును కూడా దానితోనే పసిగడుతుంది. మీరు ముగ్గురూ దబదబా ఒడ్డు దిగితే, గాలం వేయకముందే దానికి కబురు అందిపోతుంది.

గుడికి వాడిన, నీళ్లలో తేలే ఇటుకల సంగతి నీ దోస్తులు ఎలాగూ అడుగుతారు. చెప్పు. 1213లో ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే ఈ చెరువునూ కట్టించాడని కూడా చెప్పు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది గుడికి. ఎనిమిది వందల ఏళ్లుగా పొలాలు తడుపుతున్నది చెరువు. నన్నడిగితే నేను చెరువు పక్షమే.

చేపల మీద హక్కు మత్స్యకారుల సంఘానిది. రవ్వ, బొచ్చె వాళ్లు పిల్లలుగా తెచ్చి పోసి పెంచుకున్నవి. నేను మాట్లాడి పెడతాను, అయినా ఒడ్డున కనిపించినవాళ్లను పలకరించి, అడిగి కూర్చో. వలలు కట్టిన వైపు పోకు.

నీ వయసులో నేను చేసిన పని ఒకటుంది. వానలు పడ్డాక, చెరువు శిఖంలో గడ్డి మునిగిన చోట, నీటి మీద గుప్పెడు కుంకుమ చల్లినట్టు ఎర్రటి మచ్చ కదులుతోంది. కొర్రమట్ట పిల్లలు. గాలి కోసం గుంపుగా పైకి తేలుతుంటాయి, పెద్దవి కింద కాపలా ఉంటాయి. ఆ మచ్చ మధ్యలో గాలం వేస్తే పెద్దది ఆకలికి కాదు, కోపంతో పట్టుకుంటుంది. అట్లాగే పట్టాను. సాయంత్రం వెళ్లి చూస్తే మచ్చ లేదు, అక్కడ నీటికాకులు మునిగి లేస్తున్నాయి. మీ తాత ఆ రోజు కూర ముట్టలేదు. ఏమీ అనలేదు కూడా. వానాకాలంలో వచ్చినప్పుడు ఆ మచ్చ నీకు కనబడితే గాలం చుట్టెయ్.

ఎర్రలు నేను తవ్వి, కొబ్బరిచిప్పలో తడిమట్టి వేసి ఉంచుతాను. ముగ్గురికీ సద్ది మీ అత్త కడుతుంది. చేపల కూరకు మసాలా నూరమని మాత్రం ఆమెకు చెప్పలేదు.

మీ మామయ్య