ఆ పడవ ఎవరిది, టీచర్?



గత నెల ఏడో తరగతి ఇంగ్లీష్ పాఠంలో నది మీద వెళ్ళే ఒక చెక్క పడవ వచ్చింది. చదవడం మొదలుపెట్టే ముందు "మీకు తెలిసిన పడవ బొమ్మ గీయండి" అన్నాను. క్లాసులో దాదాపు అందరూ కాగితం పడవే గీశారు. ఇద్దరు మాత్రం చిత్రావతి రిజర్వాయర్ దగ్గర చూసిన మోటారు బోటు గీశారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. పులివెందుల పిల్లలకు పాపఘ్ని అన్నా, పెన్నా అన్నా ఏడాదిలో ఎక్కువ నెలలు కనిపించేది ఇసుకే. అందుకని గోదావరి మీద తిరిగిన పాత చెక్క లాంచీ ఫోటో ఒకటి స్మార్ట్ బోర్డు మీద చూపించాను.

అప్పుడు వెనక బెంచీలోని ఒక అమ్మాయి "ఆ పడవ ఎవరిది, టీచర్?" అని అడిగింది. పీరియడ్ అయిపోవస్తోంది. "గవర్నమెంటుది అయ్యుంటుంది" అనేసి పాఠంలోకి వెళ్ళిపోయాను. ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. చెక్క పడవ విషయంలో అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అదేనని, కొంచెం చదివాక అర్థమైంది. ఆ జవాబు ఈ నెల మీతో కూడా పంచుకుంటున్నాను.

ముందు మన జిల్లా సంగతి చెప్తాను. ఇది చాలామంది పేరెంట్స్‌కు కూడా కొత్తగా అనిపించవచ్చు. కేసీ కెనాల్ మనకు తెలిసింది వరి మళ్ళకు నీళ్ళిచ్చే కాలువగానే. కానీ దాన్ని తవ్వినప్పుడు లెక్కలో పడవలు కూడా ఉన్నాయి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు, నదులను కాలువలతో కలిపి సరుకంతా నీటి మీదే నడిపించాలని గట్టి పట్టుదల ఉండేది. ఆ ఆలోచనతోనే మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ 1860లలో ఈ కాలువ పని చేపట్టి 1871 నాటికి పూర్తి చేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై, దారిలో కుందూ నదిని వాడుకుంటూ, రాజోలి ఆనకట్ట దాటి, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్నాను అందుకుని కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు. ఎత్తు పల్లాల్లో పడవలు ఎక్కి దిగడానికి దారి పొడవునా లాకులు కట్టారు. లాకు అంటే నీటికి లిఫ్టు లాంటిది. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది.

పడవలు కొంతకాలం తిరిగాయి గానీ కంపెనీ ఆశపడినంత రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. అసలు చిక్కు ఎక్కడుందంటే, కాలువ పూర్తయిన ఆ 1871లోనే మద్రాసు నుంచి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, గుత్తి మీదుగా వెళ్ళే రైలు మార్గం రాయచూరు దాకా వెళ్ళి బొంబాయి లైనుతో కలిసింది. మనం ఈనాటికీ రైలెక్కడానికి వెళ్ళే ముద్దనూరు స్టేషన్ ఆ లైను మీదిదే. రైలు ఎండాకాలం కూడా నడుస్తుంది. కాలువలో నీళ్ళు తగ్గితే పడవ గట్టున పడి ఉంటుంది.

గట్టున పడి ఉండటం అనేది చెక్క పడవకు చిన్న విషయం కాదు. ఎందుకో మీ ఇంట్లోనే చూడొచ్చు. వానాకాలంలో పాత ఇళ్ళ తలుపులు బిగుసుకుపోయి భుజంతో నెడితే గానీ తెరుచుకోవు. ఎండాకాలం అదే తలుపు పలకల మధ్య సందులు తేలి వెలుతురు కనిపిస్తుంది. ఎద్దులబండి ఉన్న ఇళ్ళలో జేజినాయనను అడగండి. ఎండకు చెక్క కుంచించుకుపోయి ఇనుప పట్టా వదులైతే చక్రాన్ని నీళ్ళలో నానబెట్టేవారు. కొయ్య ఉబ్బి పట్టాను మళ్ళీ గట్టిగా పట్టుకునేది.

పడవ కట్టేవాళ్ళు ఈ గుణం మీదే ఆధారపడతారు. చెక్క నీళ్ళు తాగినప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా మాత్రం దాదాపు ఉబ్బదు. పడవ పలకలు పొడవుగా, పక్కపక్కన ఉంటాయి కాబట్టి తడిసిన ప్రతి పలకా పక్క పలకను నెట్టి మధ్య సందును మూసేస్తుంది. అంతకుముందే ఆ సందుల్లో నూలు దట్టించి, గుగ్గిలం నూనెలో కలిపి పూస్తారు. అయినా నెలల తరబడి గట్టున ఎండిన పడవను నీళ్ళలోకి దించిన మొదటి రోజు అది కారుతుంది. తెలిసినవాళ్ళు కంగారుపడరు. నీళ్ళు తోడిపోస్తూ ఒకటి రెండు రోజులు ఆగితే పలకలు ఉబ్బి దానంతట అదే సర్దుకుంటుంది. అలా కాకుండా రెండు మూడు ఎండాకాలాలు వరసగా ఎండలో వదిలేస్తే పలకలే చీలిపోతాయి. ఆ తర్వాత ఎంత నానబెట్టినా లాభం లేదు.

క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు ఒక అబ్బాయి "అయితే ఎప్పుడూ నీళ్ళలోనే ఉంచొచ్చు కదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. కొయ్య కుళ్ళాలంటే తడి ఒక్కటే చాలదు, గాలి కూడా కావాలి. పూర్తిగా నీటి అడుగున మునిగి ఉండే భాగం చాలాకాలం నిలుస్తుంది. నీటి మట్టం దగ్గర, తడుస్తూ ఆరుతూ ఉండే భాగం ముందు పోతుంది. పడవ లోపల వాననీళ్ళు నిలిస్తే ఇంకా తొందరగా పోతుంది. సముద్రపు ఉప్పునీరు కుళ్ళును కొంత ఆపుతుంది గానీ అక్కడ చెక్కను తొలిచేసే నౌకాపురుగు ఉంటుంది. అందుకే ఏ నీళ్ళలో తిరిగే పడవైనా ఏడాదికోసారి పైకి లాగి, గీకి, సందులు చూసి, నూనె పట్టించి మళ్ళీ దించాల్సిందే. ఆ పని చేసేవాళ్ళు ఎవరో ఒకరు ఉన్నంతకాలమే అది పడవ. ఆ అమ్మాయి ప్రశ్నకు నేను అప్పుడే ఈ జవాబు చెప్పి ఉండాల్సింది.

మన రాష్ట్రంలోనే డెల్టా వైపు ఈ పడవల జీవితం చాలా కాలం నడిచింది. కాకినాడ నుంచి గోదావరి, కృష్ణా కాలువల మీదుగా, ఆ తర్వాత బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా చెక్క పడవల్లో సరుకు వెళ్ళేది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళు. ఈ నిదానపు ప్రయాణం గురించి నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కాలువలో తిరిగే పడవ మీద గ్రంథాలయం పెట్టారు. పడవలో ప్రయాణం చేసేవాళ్ళకూ, గట్టు మీది ఊళ్ళవాళ్ళకూ పుస్తకాలు. ఎలాగూ గంటలకొద్దీ కూర్చోవాల్సిన చోట పుస్తకం పెట్టాలని ఆయనకు తట్టింది చూడండి! మన పిల్లలు స్కూల్ బస్సులో కూర్చునే ముప్పావు గంట గుర్తొచ్చింది నాకు.

రోడ్లు, లారీలు పెరిగి, తుపానులకు బకింగ్‌హామ్ కాలువ దెబ్బతిని ఆ రవాణా ఆగిపోయింది. గోదావరి మీద లాంచీ ప్రయాణం మాత్రం మన సినిమాల్లో మిగిలింది. 1973లో బాపు గారి 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి', రెండు కథలూ భద్రాచలం వెళ్ళే పడవ మీదే నడుస్తాయి. ఇప్పుడు పాపికొండలకు తిరిగే టూరిస్టు బోట్లు చాలావరకు ఇనుమువి, ఫైబర్‌వి. సెలవుల్లో అటు వెళ్ళే కుటుంబాలకు ఒక మాట. 2019 సెప్టెంబర్‌లో వరద ఉన్న రోజు కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మనందరికీ తెలుసు. బోటు ఏదైనా సరే, లైఫ్ జాకెట్ వేసి బకిల్ పెట్టేదాకా పిల్లలను ఎక్కించకండి. ఫోటో కోసం కూడా విప్పనివ్వకండి.

మరి చెక్క పడవలను ఇంకా చూసుకుంటున్నది ఎవరు? రెండు చోట్ల సంగతి చెప్తాను.

కేరళలో పంపా నది ఒడ్డున ఆరన్ముళ అనే ఊరుంది. అక్కడి పార్థసారథి గుడి ఉత్సవానికి ఓణం రోజుల్లో పళ్ళియోడం అనే పాము ఆకారపు పొడవాటి పడవలు వస్తాయి. ఆంజిలి అనే అడవి పనస జాతి కొయ్యతో చేస్తారు. ఒక్కో పడవ వంద అడుగుల పైమాటే. వాటికి ఒక్క మనిషి ఓనర్ అని ఉండడు. ఒక్కో పడవ ఒక్కో కర ది. కర అంటే ఊరి లాంటిదే. చందా వేసుకునేది ఊరు, తెడ్డు వేసేది ఊరు. పండగ అయ్యాక పడవను షెడ్డులోకి లాగి ఎండ తగలకుండా పెట్టుకునేదీ ఊరే. పండగకు ముందు దాన్ని బయటికి తీసి, అతుకులు చూసి, చేపనూనె పట్టిస్తారు. బయటినుంచి చూసే మనకు పండగ రోజు పాటలు, తెడ్లు మాత్రమే కనిపిస్తాయి. నాకు మాత్రం ఆ పండగ, మరమ్మతుకు పెట్టుకున్న గడువులా కూడా అనిపించింది. ఫలానా తేదీకి పడవ నీళ్ళలో ఉండాలి, అందరూ చూస్తారు, కారితే ఊరి పరువు పోతుంది. ఇక వాయిదా ఎలా వేస్తారు? మన తేరు కూడా అంతే కదా. రథసప్తమికి దేవుని కడపలో రథం లాగాలంటే ముందే ఇరుసులు, చక్రాలు చూసుకోవాలి. రథోత్సవమే లేకపోతే ఆ చక్రం వైపు ఎవరు చూస్తారు?

రెండోది ఇంగ్లండ్. థేమ్స్ నది మీద పాత చెక్క లాంచీలను సొంతంగా కొనుక్కుని, శని ఆదివారాలు వాటికి వార్నిష్ వేసుకుంటూ గడిపే మనుషులు ఉన్నారు. హెన్లీ అనే ఊళ్ళో వాటికోసం ఉత్సవమే జరుగుతుంది. డబ్బున్నవాళ్ళ సరదా అని నేనూ మొదట అనుకున్నాను. కొంతవరకు నిజమే కూడా. కానీ వాటిలో కొన్ని పడవల వెనక ఉన్న చరిత్ర వేరు. 1940 మే నెలాఖరులో ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ తీరంలో చిక్కుకున్న సైనికులను తీసుకురావడానికి యుద్ధనౌకలతో పాటు వందల చిన్న పడవలు కూడా సముద్రం దాటాయి. వాటిలో నదిలో షికారుకు వాడుకునేవీ ఉన్నాయి. మొత్తం 3,38,000 మందికి పైగా సైనికులు బయటపడ్డారు. సన్‌డౌనర్ అనే ఒక చెక్క పడవ యజమాని చార్లెస్ లైటోలర్. టైటానిక్ ఓడలో సెకండ్ ఆఫీసర్‌గా పనిచేసి ప్రాణాలతో బయటపడిన మనిషే ఈయన. అరవై దాటిన వయసులో తన పడవను ఇంకొకరి చేతికి ఇవ్వకుండా, కొడుకును వెంటబెట్టుకుని తానే నడుపుకుంటూ వెళ్ళి, వందమందికి పైగా ఎక్కించుకొచ్చాడు. అలా వెళ్ళొచ్చిన చిన్న పడవల యజమానులకు ఇప్పటికీ ఒక సంఘం ఉంది. కొన్నేళ్ళకోసారి ఆ పడవలతోనే మళ్ళీ సముద్రం దాటి డన్‌కర్క్ వెళ్ళొస్తారు. అంటే ఆ తేదీకి పడవ కారకుండా ఉండాలి.

మనకు పడవలు లేవు. ఒప్పుకుంటాను. కానీ మన ఇళ్ళలో కొయ్య ఉంది. బండి చక్రం, పాత దర్వాజా, అవ్వ వాడిన కవ్వం, ధాన్యపు పెట్టె. ఇల్లు కొత్తగా కట్టుకునేటప్పుడు అవి పాత సామాన్ల బండికి కిలోల లెక్కన వెళ్ళిపోతున్నాయి. అందుకే ఈసారి ప్రాజెక్ట్‌కు థర్మాకోల్ పడవ వద్దు. ముందురోజు రాత్రి షాపులో రెడీమేడ్ మోడల్ కొనిపెట్టడం మీకూ కష్టమే, మార్కులు వేయడం నాకూ కష్టమే.

దాని బదులు రెండు పనులు.

ఒకటి. ప్యాకింగ్ పెట్టె నుంచి ఊడదీసిన, రంగు వేయని ఎండు చెక్క ముక్క తీసుకోండి. నాలుగు వేళ్ళ వెడల్పు ఉంటే చాలు. మేకులు ఉంటే పెద్దవాళ్ళే తీయాలి. అడ్డంగా ఒక గీత, పొడవుగా ఒక గీత పెన్సిల్‌తో గీసి, స్కేలుతో కొలిచి మీ అమ్మాయి లేదా అబ్బాయి చేతనే రాయించండి. రెండు రోజులు బకెట్‌లో పూర్తిగా మునిగేలా పెట్టండి. పైకి తేలకుండా రాయి పెట్టాలి. తీశాక అవే గీతలు మళ్ళీ కొలవాలి. ఏ గీత పెరిగింది, ఎన్ని మిల్లీమీటర్లు? తర్వాత నీడలో వారం ఆరబెట్టి మూడోసారి కొలవాలి. కొలతలు మీరు సరిచేయకండి. తప్పు వచ్చినా అలాగే తీసుకురానివ్వండి, ఎందుకు వచ్చిందో క్లాసులో మాట్లాడుకుంటాం.

రెండు. ఇంట్లో ఉన్న ఒక పాత కొయ్య వస్తువును పిల్లలు ఎంచుకుని, అది ఎవరిది, ఎవరు చేయించారు, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు అని పెద్దవాళ్ళను అడిగి ఇంగ్లీష్‌లో పది వాక్యాలు రాయాలి. దానికి నూనె పట్టించడమో, దుమ్ము తుడవడమో ఏదైనా ఒక పని పిల్లలే చేసి, ఏం చేశారో కూడా రాయాలి.

ప్రొద్దుటూరు, చాపాడు, మైదుకూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలకు ఇంకొక విన్నపం. మీ పెద్దవాళ్ళలో ఎవరైనా కేసీ కెనాల్ లాకుల దగ్గర పనిచేసినవాళ్ళు గానీ, కాలువ మీది పడవల గురించి విన్నవాళ్ళు గానీ ఉంటే డైరీలో ఒక్క లైను రాసి పంపండి. వీలుంటే ఒక శనివారం క్లాసుకు పిలుస్తాం. వెనక బెంచీ అమ్మాయి దగ్గర ఇంకా చాలా ప్రశ్నలు ఉన్నాయి.