స్మార్ట్ కెమెరా విప్పి చూడగలరా?

2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటి సైట్లు గంటల తరబడి మొరాయించాయి. సైట్ల పేర్లను నెట్ చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సేవలందించే డిన్ అనే సంస్థ మీద జరిగిన దాడి అందుకు కారణం. దాడికి వాడుకున్నవి ఇళ్లలో, దుకాణాల్లో ఉన్న సీసీ కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు. వాటిని లొంగదీసుకున్న మిరాయ్ మాల్‌వేర్‌లో గొప్ప తెలివేమీ లేదు. దూరం నుంచి లాగిన్ అయ్యే టెల్‌నెట్ తెరిచి ఉన్న పరికరాన్ని వెతికి పట్టుకోవడం, ‘అడ్మిన్, అడ్మిన్’ లాంటి అరవైకి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను వరసగా కొట్టి చూడడం, అంతే.

కొన్ని పరికరాల్లో ఆ టెల్‌నెట్ పాస్‌వర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే రాసి ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చుకున్నా అది మాత్రం మారదు. అంటే కొన్నవాడు ఎంత జాగ్రత్తపరుడైనా చేయగలిగిందేమీ లేదు. తప్పు ఫ్యాక్టరీ గేటు దాటకముందే జరిగిపోయింది. దాన్ని అక్కడే పట్టుకునేవాళ్ల కోసం ఇప్పుడు ఒక కెరీర్ తయారవుతోంది.

ఎందుకు ఇప్పుడంటే, చట్టాలు వచ్చాయి. మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ 9 నుంచి సైబర్ భద్రతా పరీక్ష తప్పనిసరైంది. గుర్తింపు పొందిన ల్యాబ్ నుంచి నివేదిక ఉండాలి. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అన్నింటికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి స్మార్ట్ పరికరాలు అమ్మడాన్ని నిషేధించింది. ఎంతకాలం అప్‌డేట్లు ఇస్తారో కొనేవాడికి ముందే చెప్పాలంది. యూరప్ సైబర్ రెజిలియెన్స్ చట్టంలోని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు నుంచి అమల్లోకి వస్తాయి. వీటికి లోబడాలంటే కంపెనీలకు పరీక్షించే మనుషులు కావాలి, ల్యాబులకూ కావాలి.

ఈ పనికి నా దృష్టిలో మొదటి హక్కుదారులు ఈసీఈ, ఈఈఈ విద్యార్థులు, డిప్లొమావాళ్లు. మన కాలేజీల్లో ఈసీఈలో చేరినవాళ్లు మూడో ఏడాదికల్లా బోర్డులు పక్కన పడేసి జావా కోచింగ్‌కు పరుగెత్తడం మామూలైపోయింది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం, మల్టీమీటర్‌తో గ్రౌండ్ వెతకడం వచ్చినవాడు ఇక్కడ కోడింగ్ మాత్రమే వచ్చినవాడి కంటే ఒక అడుగు ముందుంటాడు.

పని ఎలా ఉంటుందో చూడండి. మీ సొంత పాత వైఫై కెమెరా ఒకటి తీసుకుని స్క్రూలు విప్పండి. బోర్డు మీద వరసగా మూడు నాలుగు చిన్న చుక్కలు కనబడితే అది యూఆర్ట్ సీరియల్ పోర్టు కావచ్చు. మల్టీమీటర్‌తో గ్రౌండ్ గుర్తుపట్టి, 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ కన్వర్టర్ తగిలించండి. గ్రౌండ్, టీఎక్స్, ఆర్‌ఎక్స్ చాలు, పవర్ పిన్ కలపకండి. అయిదు వోల్టులిస్తే చిప్ కాలిపోవచ్చు. బాడ్ రేటు చాలాసార్లు 115200. కెమెరా ఆన్ చేయగానే ల్యాప్‌టాప్ తెర మీద బూట్ మెసేజ్‌లు జారుతూ వస్తాయి. చివర్లో పాస్‌వర్డ్ అడక్కుండానే పూర్తి అధికారమిచ్చే రూట్ ప్రాంప్ట్ వచ్చి నిలబడితే ఒక లోపం దొరికినట్టే. ఇలాంటి డీబగ్ పోర్టులను మూసేయాలనో, గట్టి పాస్‌వర్డ్‌తో కాపాడాలనో మన సీసీ కెమెరా నిబంధనలూ అడుగుతున్నాయి.

తర్వాతి మెట్టు ఫర్మ్‌వేర్ ఫైల్‌ను బిన్‌వాక్‌తో విడదీసి, లోపల మర్చిపోయిన పాస్‌వర్డులు, కీలు వెతకడం. వైర్‌షార్క్‌తో ఆ పరికరం ఏ సర్వర్‌తో ఏం మాట్లాడుతోందో చూడడం కూడా ఇందులో భాగమే. ఇవన్నీ ఉచిత టూల్సే. చెడగొట్టడానికి పరికరం లేనివాళ్లకు ఓవాస్ప్ వారి ఐవోటీగోట్ ఉంది. సాధన కోసం కావాలనే లోపాలతో తయారుచేసిన ఫర్మ్‌వేర్ అది. లైనక్స్, సీ, నెట్‌వర్కింగ్ ప్రాథమికాలు లేకుండా మాత్రం ఇక్కడ అడుగు పడదు. వేలకు వేలు పోసి కొన్న సర్టిఫికెట్ ఆ లోటు పూడ్చదు.

ఇంజినీరింగ్ చదవనివాళ్లకూ చోటుంది. రూంబా రోబో వాక్యూమ్ టెస్ట్ మోడళ్లు ఇళ్లలో తీసిన ఫొటోలు, వాటిలో టాయిలెట్ మీద కూర్చున్న ఒక మహిళ ఫొటోతో సహా, సోషల్ మీడియాకు ఎక్కిన సంగతి 2022లో బయటపడింది. అక్కడ హ్యాకర్ ఎవరూ లేరు. ఏఐకి నేర్పడం కోసం ఫొటోలకు లేబుళ్లు పెట్టే కాంట్రాక్టు పనివాళ్ల దాకా అవి వెళ్లాయి, అక్కడి నుంచి జారాయి. ఏ డేటా తీసుకుంటున్నారు, ఎవరి చేతికిస్తున్నారు, వాడేవాడి సమ్మతి ఉందా అని కంపెనీ లోపలే నిలదీసేవాళ్లు కావాలి. మన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, గరిష్ఠ జరిమానా రూ. 250 కోట్లు. లా, బీకాం, బీఏ చదివి చట్టాన్ని క్షుణ్నంగా చదవగలిగినవాళ్లు ఇటు చూడవచ్చు.

ఉద్యోగ ప్రకటనల్లో ‘ఐవోటీ సెక్యూరిటీ’ అని వెతికితే తక్కువే కనబడతాయి. ప్రోడక్ట్ సెక్యూరిటీ, ఎంబెడెడ్ సెక్యూరిటీ, ఫర్మ్‌వేర్ టెస్టింగ్ అని వెతకండి. పీజీ డిప్లొమా చేయాలనుకుంటే సీడాక్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్, ఐటీ సెక్యూరిటీ కోర్సులున్నాయి. ప్రవేశం సీ-క్యాట్ పరీక్ష ద్వారా.

ఒక్క హెచ్చరిక. పక్కింటి కెమెరా పాస్‌వర్డ్ తేలిక అని తెలిసినా దాని జోలికి పోవద్దు. అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ పరికరంలో లోపం దొరికితే ముందు కంపెనీకి రాయండి, స్పందన లేకపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు పంపండి. లోపానికి సీవీఈ నంబరు (భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు సంఖ్య) వచ్చి, కనిపెట్టినవారిగా మీ పేరుంటే రెజ్యూమెలో అదే మొదటి లైను.

ఫైనలియర్ ప్రాజెక్టుకు ఈసారి మొబైల్‌తో లైటు వేసే రెడీమేడ్ కిట్ కొనుక్కురాకండి. ఇంట్లో ఉన్న స్మార్ట్ ప్లగ్గో, కెమెరానో పరీక్షించి నివేదిక రాస్తానని మీ గైడ్‌ను అడగండి.