చెరకు నేలపై వెలసిన పట్టణము: మారిషస్‌లోని ఎబెన్

భూగోళ పాఠములో మారిషస్ అనగానే మనకు చెరకు గుర్తుకు వచ్చును. కాని ఆ ద్వీపపు రాజధానియైన పోర్ట్ లూయిస్ నుండి దక్షిణముగా సుమారు 15 కిలోమీటర్లు పోయినచో, నిన్నటి చెరకు నేలపై అద్దాల మేడలతో నిండిన ఎబెన్ పట్టణము కనిపించును. దీని నిర్మాణము 2001లో ఆరంభమైనది. నేడు బ్యాంకులకు, కంప్యూటర్ సంస్థలకు అది నిలయము. 2023 నుండి మెట్రో రైలు కూడ నడచుచున్నది.

ఎబెన్ అనగా ఫ్రెంచి భాషలో నల్లని చేవగల ఒక వృక్షము. పదిహేడవ శతాబ్దములో డచ్చివారు ఆ కలప కొరకే ఈ ద్వీపపు అడవులను నరికిరి. మన అడవులలోని తునికి చెట్టు దానికి దగ్గరి చుట్టమని వృక్షశాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. అడవి పోయి చెరకు వచ్చినది. చెరకు పోయి మేడలు వచ్చినవి. పేరు మాత్రము చెట్టుదే.

ఆ చెరకును పండించిన వారెవరు? 1835లో అక్కడ బానిసత్వము రద్దయినది. అంతకు కొంచెము ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అను ఓడలో 36 మంది భారతీయ కూలీలు దిగిరి. తరువాతి దశాబ్దములలో వచ్చినవారు నాలుగున్నర లక్షలకు పైబడిరి. ఒప్పందము ఐదేండ్లు, జీతము నెలకు ఐదు రూపాయలు. ఒక దినము పనికి రాకున్న రెండు దినముల కూలి కోసెడివారు. మన కోరంగి రేవు పేరును బట్టి అక్కడి తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు స్థిరపడినది. అగ్నిపర్వత శిలలతో నిండిన ఆ నేలలో రాళ్ళను ఏరి, కుప్పలుగా పేర్చి, ఆ నడుమ చెరకు నాటిరి. ఆ రాతికుప్పలు నేటికిని అనేక పొలములలో నిలిచియున్నవి.

మరి చెరకు ఏల వెనుకబడినది? 1975 నాటి లోమే ఒడంబడిక ననుసరించి ఐరోపా దేశములు మారిషస్ చక్కెరకు హామీ ధర చెల్లించెడివి. ఈ ఆశ్రయము శాశ్వతము కాదని ప్రభుత్వము ముందే గ్రహించినది; ఎబెన్ నిర్మాణమునకు ఆ ముందుచూపే కారణము. అనుకున్నట్లే 2006, 2009 సంవత్సరముల మధ్య ఆ ధర 36 శాతము తగ్గింపబడినది.

ఇందు మనకు దగ్గరి సంబంధమొకటి కలదు. 1998లో మన మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను నిర్మించినది లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ; ఎబెన్‌లోని మొదటి టవరును కూడ మన దేశపు సంస్థయే నిర్మించినది. 2002లో పనిచేయనారంభించిన సముద్రగర్భపు తంత్రీమార్గము ఆ ద్వీపమును మన కొచ్చిన్‌తో కలిపినది. కూలీల ఓడలు దాటిన సముద్రమునే ఇప్పుడు వార్తలు క్షణములో దాటుచున్నవి!

అయినను, మా దృష్టిలో అసలు ప్రశ్న భూమిని గూర్చినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో తోటల యజమానులు తమ అంచు భూములను చిన్న ముక్కలుగా అమ్మగా, కూలీలు కూడబెట్టిన సొమ్ముతో కొనిరి. చిన్న రైతుల వర్గము అట్లు పుట్టినది. మేలైన భూములు చాలవరకు పెద్ద చక్కెర కంపెనీల చేతిలోనే నిలిచినవి. 2015లో ప్రభుత్వము ‘స్మార్ట్ సిటీ’ పథకము తెచ్చిన పిమ్మట, ఆ కంపెనీలలో కొన్ని మోకా వంటి చోట్ల తామే పట్టణములు కట్టుచున్నవి. అందు విదేశీయులకును ఇండ్లు కొను వీలు కలదు. రాళ్ళను ఏరినవారి మునిమనుమలు ఆ మేడలలో ఉద్యోగులుగా ప్రవేశించుచున్నారు. అది గొప్ప మార్పే, కాదనము. కాని ఆ నేల క్రయపత్రములపై ఉన్నవి మాత్రము, పెక్కు చోట్ల, ఆ పాత కంపెనీల పేర్లే.