మాసిక, సమీక్ష, విరామం: ఓపెన్ సోర్స్ సాఫ్టువేరులో క్రమశిక్షణ

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న అల్ఫారెట్టాలో సాఫ్టువేరు జీవనవృత్తిగా గల తెలుగు కుటుంబాలు అనేకం. ఆ ఇళ్ళలో వినవచ్చే ‘ప్యాచ్’, ‘కోడ్ ఫ్రీజ్’ అనే మాటల వెనుక ఒక క్రమశిక్షణ ఉన్నది. దానికి తెలుగు భాషతోనూ సంబంధం ఉన్నది.

చిరిగిన బట్టకు మాసిక వేసినట్లు, ప్రోగ్రాములోని లోపాన్ని సరిదిద్దే లేదా కొత్త అంశాన్ని చేర్చే చిన్న రాతకు ప్యాచ్ అని పేరు. మూలరచనను అందరికీ తెరచి ఉంచిన ఓపెన్ సోర్స్ సాఫ్టువేరుకు ఏ దేశస్థులైనా ప్యాచ్ పంపవచ్చు. అయితే పంపినదెల్లా అందులో చేరదు. దానిని మరొకరు పంక్తి పంక్తిగా చదివి ఆమోదించాలి. పరిశోధన పత్రాన్ని ప్రచురణకు ముందు తోటి శాస్త్రజ్ఞులు పరిశీలించడం వంటిదే ఈ సమీక్ష.

సమీక్షలో ఏమరుపాటు ఎంత చేటు తెచ్చునో 2014 ఏప్రిల్‌లో లోకానికి తెలిసింది. ఇంటర్నెట్‌లో రహస్య సమాచారాన్ని కాపాడే ‘ఓపెన్ ఎస్ఎస్ఎల్’ సాఫ్టువేరులో 2011 డిసెంబరు 31 రాత్రి ఒక ప్యాచ్ చేరింది. అవతలి కంప్యూటరు తాను పంపిన సందేశం ఇంత పొడవని చెప్పినప్పుడు, ఆ మాట నిజమా కాదా అని సరిచూసే ఏర్పాటు అందులో లేదు. తత్ఫలితంగా పాస్‌వర్డుల వంటి రహస్యాలు మారుకు 64 కిలోబైట్ల వరకు బయటికి పొక్కే వీలు కలిగింది. చేర్చుటకు ముందు సమీక్షించిన కంటికి ఆ లోపం ఆనలేదు. రెండేళ్ళకు పైగా దాగిన ఆ దోషమే ‘హార్ట్‌బ్లీడ్’.

నిదానంగా పరిశీలించుటకు వ్యవధి కావాలి. ఆ వ్యవధిని కల్పించేదే ఫ్రీజ్, అనగా మార్పులకు విరామం. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్స్‌లో నేడు ప్రతి విడుదలకూ కొత్త అంశాలను స్వీకరించేది సుమారు రెండు వారాలు మాత్రమే. పిమ్మట ఆరేడు వారాలు దోషాల సవరణకే. గడువు దాటిన అంశం ఎంత గొప్పదైనా తరువాతి విడుదలకు వేచి ఉండవలసిందే. ద్రావణాన్ని త్వరపడి చల్లార్చితే మలినాలు స్ఫటికంలోనే చిక్కుకొంటాయని రసాయన శాస్త్రం చెబుతుంది. ఇక్కడా నీతి అదే.

ఇక తెలుగు సంగతి. ‘గ్నోమ్’ అనే డెస్క్‌టాప్ సాఫ్టువేరు ఏటా మార్చి, సెప్టెంబరు నెలల్లో విడుదలవుతుంది. అంతకు కొన్ని వారాల ముందు, తెరపై కనిపించే మాటలను మార్చరాదనే ‘స్ట్రింగ్ ఫ్రీజ్’ మొదలవుతుంది. స్వచ్ఛంద అనువాదకులు తమ పనిని నిలకడగా ముగించుకొనేది ఈ వ్యవధిలోనే. ఆంగ్ల వాక్యంలో ఒక్క కామా మారినా పాత అనువాదం దానికి జతపడదు. ఎవరైనా మళ్ళీ సరిచూసే వరకు తెలుగు తెరపై ఆ చోట ఆంగ్లమే నిలుస్తుంది. అందుచేతనే విరామ కాలంలో మాట మార్చదలచినవారు అనువాద బృందం అనుమతి పొందాలి.

తెలుగు కోట్లమంది మాట్లాడే భాషయే అయినా ఈ పనికి పూనుకొనే చేతులు కొద్ది. ప్రవాసంలోని కుటుంబాలు ఇందుకు తోడ్పడగలవు. కంప్యూటరు తెలిసిన మనుమరాలు, తెలుగు నుడికారం తెలిసిన తాతగారు కలిసి కూర్చుని ఒక అనువాదాన్ని సరిచూస్తే, అదీ సమీక్షయే. తరువాతి విరామం లోగా అట్లా పది వాక్యాలు సరిచేసినా, ఆ పది చోట్ల తెర తెలుగులో పలుకుతుంది.